పాటల బాటసారి

ఆగస్టు పదిహేను పొద్దున. బడి ఆవరణలో రంగు కాగితాల తోరణాలు. జెండా ఎగిరింది. పెద్దలు మాట్లాడటం అయింది. చాక్లెట్లు పంచేముందు పిల్లలంతా వరసగా నిలబడి పాట అందుకుంటారు... ‘హమ్ హోంగే కామ్‌యాబ్’!

హిందీ పరీక్షలో బొటాబొటి మార్కులు తెచ్చుకునే పిల్లాడు కూడా ఆ పాటను మాత్రం తడుముకోకుండా పాడేస్తాడు. అది ఈ గడ్డ మీద పుట్టిన పాటేనని అనుకునేవాళ్లు చాలామంది.

కాదు. దాని పుట్టిల్లు అమెరికా. అసలు పేరు ‘వి షల్ ఓవర్‌కమ్’. నల్లజాతి చర్చిల్లోని భక్తిగీతాల్లోంచి వచ్చింది. 1945-46లో దక్షిణ కరొలినాలోని చార్ల్స్‌టన్‌లో సమ్మె చేస్తున్న పొగాకు కార్మికులు దాన్ని తమ పాటగా చేసుకున్నారు. వాళ్ల నుంచి టెనెసీలో హైలాండర్ అనే కార్మిక శిక్షణ పాఠశాలకు చేరింది. అక్కడ పాటలు నేర్పే జిల్ఫియా హార్టన్ 1947లో దాన్ని ఓ పొడుగుపాటి యువకుడికి నేర్పింది. అతను దాన్ని తన బ్యాంజోతో పాటు భుజానికెత్తుకున్నాడు. వెళ్లిన ఊరల్లా పాడాడు, పాడించాడు. 1960లో గై కారవాన్ అనే గాయకుడు నల్లజాతి విద్యార్థి ఉద్యమకారులకు ఆ పాట అందించాడు. ఇంకేముంది... పౌరహక్కుల పోరాటానికి అదే ఊపిరైంది. కవి గిరిజా కుమార్ మాథుర్ దాన్ని హిందీలోకి తెచ్చారు.

ఆ పొడుగుపాటి యువకుడి పేరు పీట్ సీగర్. పాటలు రాయడం, పాడటం, పాట పట్టుకుని ఊళ్లు తిరగడం... డెబ్భై ఏళ్లకు పైగా అతని ఉద్యోగం అదే. అందులో పదిహేడేళ్ల పాటు అతని సొంత దేశంలోని పెద్ద టీవీ సంస్థలేవీ అతణ్ని తెరమీద కనిపించనివ్వలేదు. మరి ఆ పదిహేడేళ్లూ అతను ఎలా బతికాడు? ఎక్కడ పాడాడు?

పెట్టెబండిలో పసివాడు

పీట్ 1919 మే 3న పుట్టాడు. తండ్రి చార్లెస్ సంగీత శాస్త్రం చదివిన ఆచార్యుడు. మొదటి ప్రపంచయుద్ధం తప్పు అని బహిరంగంగా అన్నందుకు విశ్వవిద్యాలయంలో కొలువు పోగొట్టుకున్న మనిషి. తల్లి కాన్‌స్టన్స్ వయొలిన్ విద్వాంసురాలు. పల్లె జనానికి మంచి సంగీతం వినిపించాలని ఆ దంపతులకో కోరిక. చెక్కతో ఒక పెట్టెబండి కట్టి, ఫోర్డ్ మోడల్-టి కారు వెనక తగిలించి, పిల్లలతో సహా దక్షిణాది పల్లెలకు బయల్దేరారు. అప్పటికి పీట్‌కి ఏడాదిన్నర.

పల్లెల్లో వీళ్ల కచేరీ అంతా శ్రద్ధగా విన్నారు. బాగుందన్నారు. తర్వాత లోపలికెళ్లి తమ ఫిడేళ్లూ బ్యాంజోలూ తెచ్చి తమ పాటలు వినిపించారు. చార్లెస్‌కి విషయం బోధపడింది. వీళ్లకు సంగీతం మోసుకురావాల్సిన పనిలేదు, వీళ్ల దగ్గరే బోలెడంత ఉంది!

ఆ సంగతి కొడుక్కి పదిహేడో ఏట అనుభవంలోకి వచ్చింది. 1936లో ఉత్తర కరొలినాలోని యాష్‌విల్‌లో జానపద ఉత్సవానికి వెళ్లి ఐదు తీగల బ్యాంజో విన్నాడు. గుండ్రటి చట్రానికి తోలు బిగించి, దానికి పొడుగాటి మెడ, తీగలు అమర్చిన వాయిద్యమది. డప్పూ తంబురా కలిసి పుట్టినట్టుంటుంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లతో పాటే దాని మూలాలూ అమెరికాకు వచ్చాయి. పీట్ దానికి దాసోహమైపోయాడు. హార్వర్డ్‌లో చేరాడుగానీ చదువు మీద మనసు నిలవలేదు. 1938లో మానేశాడు. మరుసటి ఏడాది వేసవిలో మిత్రులతో కలిసి బొమ్మలాట బృందం కట్టి, పాల ధర కోసం సమ్మె చేస్తున్న న్యూయార్క్ రాష్ట్ర రైతుల దగ్గరకు వెళ్లాడు. ఊరూరా తిరగడం అలా మొదలైంది.

ఒక బీరు గ్లాసు పాఠం

పాట పాడటం ఒక విద్య. దాంతో కడుపు నింపుకోవడం ఇంకో విద్య. ఆ రెండో విద్య నేర్పిన గురువు వుడీ గత్రీ. ఓక్లహోమా దుమ్ము తుపాన్ల ప్రాంతం నుంచి వచ్చిన పాటగాడు. 1940 మార్చిలో వలస కూలీల సహాయార్థం న్యూయార్క్‌లో జరిగిన కార్యక్రమంలో ఇద్దరూ కలిశారు. ఆ రాత్రి పీట్ పాట ఏమంత రక్తికట్టలేదు. అయినా వుడీ ఈ కుర్రాణ్ని తన వెంట దక్షిణాదికి తీసుకెళ్లాడు.

వుడీ చెప్పిన కిటుకు పీట్ జీవితాంతం నవ్వుతూ చెప్పుకునేవాడు. ‘బ్యాంజో వీపున తగిలించుకుని బార్‌లోకి వెళ్లు. ఐదు సెంట్లు పెట్టి ఒక బీరు కొనుక్కో. చుక్కచుక్కగా తాగు. ఎవడో ఒకడు... కుర్రాడా, అది వాయించడం వచ్చా అంటాడు. వెంటనే ఎగిరి గంతేయకు. ఏదో కొంచెం వచ్చు అని మళ్లీ గ్లాసు అందుకో. కాసేపటికి ఇంకొకడు... ఒక పాట పాడు, పావు డాలరు ఇస్తా అంటాడు. అప్పుడు బ్యాంజో ముందుకు తిప్పు’. ఇదీ ఆ పాఠం. కొత్త ఊళ్లో ఆ పూట భోజనానికి అదే ఆధారం.

డబ్బుల్లేనప్పుడు గూడ్సు రైళ్లెక్కి తిరగడం కూడా వుడీయే నేర్పాడు. మొదటిసారి కదిలే బండిలోంచి దూకినప్పుడు పీట్ కిందపడి బ్యాంజో విరిగిపోయింది. చేతిలో ఉన్న చిన్న కెమెరా తాకట్టు పెట్టి ఓ చవక గిటార్ కొనుక్కుని ప్రయాణం సాగించాడు.

శిఖరం మీద నుంచి...

1943లో తోషీ ఓటాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె తండ్రి జపాన్ దేశస్థుడు, తల్లి అమెరికన్. జపాన్‌తో అమెరికా యుద్ధం చేస్తున్న రోజులవి! పీట్ సైన్యంలో ఉన్నాడు. 1944లో వాళ్లకు మొదటి బిడ్డ పుట్టి, నెలల వయసులోనే చనిపోయాడు. సముద్రం అవతల ఉన్న తండ్రి ఆ బిడ్డ మొహం చూడనేలేదు.

యుద్ధం ముగిశాక పీట్ మరో ముగ్గురితో కలిసి ‘వీవర్స్’ బృందం కట్టాడు. 1950లో వాళ్లు పాడిన ‘గుడ్‌నైట్ ఐరీన్’ పదమూడు వారాలు దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. పెద్ద హోటళ్లు, నైట్‌క్లబ్బులు, రేడియో... ఎక్కడ చూసినా వీవర్సే. బార్‌లో పావు డాలరుకు ఎదురుచూసిన కుర్రాడు పదేళ్లలో శిఖరమెక్కేశాడు.

కిందకు రావడానికి రెండేళ్లు కూడా పట్టలేదు. అమెరికాలో అప్పుడు కమ్యూనిస్టుల వేట నడుస్తోంది. పీట్ 1940లలో ఆ పార్టీలో సభ్యుడే. బయటికొచ్చి కొంతకాలమైంది. స్టాలిన్ ఎంతటి క్రూరుడో సకాలంలో గ్రహించలేకపోవడం తన తప్పని తర్వాతి కాలంలో అతనే ఒప్పుకున్నాడు. కానీ అప్పట్లో నిషేధిత జాబితాలో పేరు పడితే చాలు, విచారణ అక్కర్లేదు. ఒప్పుకున్న కచేరీలు ఒక్కొక్కటే రద్దయ్యాయి. రేడియోలో పాట ఆగిపోయింది. 1952కల్లా బృందం చెదిరింది.

1955 ఆగస్టు 18న ప్రతినిధుల సభ విచారణ సంఘం ముందు హాజరు కమ్మన్నారు. ఫలానా సభలో పాడావా, ఫలానా వాళ్ల కోసం పాడావా అని ప్రశ్నలు. ‘నా మీద నేనే సాక్ష్యం చెప్పుకోను’ అనే హక్కు వాడుకుంటే ఇబ్బంది లేకుండా బయటపడొచ్చు. చాలామంది అదే చేశారు. పీట్ ఆ దారి పట్టలేదు. తన నమ్మకాల గురించి, తన స్నేహితుల గురించి అడిగే అధికారమే మీకు లేదన్నాడు. కావాలంటే ఆ పాటలు పాడి వినిపిస్తానన్నాడు. వాళ్లకు పాటలు అక్కర్లేదు!

ధిక్కార నేరం కింద 1957లో అభియోగాలు మోపారు. అప్పటి నుంచి న్యూయార్క్ పరిసరాలు దాటి ఏ ఊరికి పాడటానికెళ్లినా ప్రభుత్వ న్యాయవాదికి ముందుగా తెలియజేయాలి. ఊళ్లు తిరిగితేనే పూట గడిచే మనిషికి అది ఎంత చికాకో! 1961లో కోర్టు ఏడాది జైలుశిక్ష వేసింది. బ్యాంజో భుజాన వేసుకునే తీర్పు వినడానికి వెళ్లాడు. బెయిలు వచ్చేదాకా కొన్ని గంటలు లోపల ఉన్నాడు. 1962 మేలో పైకోర్టు ఆ కేసు కొట్టేసింది.

చిన్న గదులే దిక్కు

పెద్ద తలుపులు మూసుకున్నాయి. కుటుంబం గడవాలి. ఎవరు పిలుస్తారు? పిలిచినవాళ్లు కాలేజీ విద్యార్థులు, చిన్న బడుల టీచర్లు, పిల్లల వేసవి శిబిరాలు నడిపేవాళ్లు, చర్చిలవాళ్లు. వాళ్లిచ్చేది కొద్ది డబ్బే. కానీ వాళ్లు జాబితాలు చూసి పిలవలేదు.

దీనికో పద్ధతి కనిపెట్టాడు పీట్. కచేరీ ఉన్న ఊళ్లో దిగగానే స్థానిక రేడియో స్టేషన్‌కు వెళ్లి నాలుగు మాటలు మాట్లాడి ఓ పాట పాడేవాడు. సాయంత్రం కాలేజీలో కచేరీ. వద్దనేవాళ్లు పోగై ప్లకార్డులు రాసుకునేలోపు మనిషి ఇంకో ఊరికి వెళ్లిపోయేవాడు. ఎప్పుడూ అలా తప్పించుకోవడం కుదిరేది కాదు. కొన్నిచోట్ల గేటు దగ్గర నినాదాల మధ్యలోంచే లోపలికి నడిచేవాడు.

వేదిక మీద అతని పని కూడా వేరే రకం. మామూలు గాయకుడు పాడితే జనం వింటారు. ఇక్కడ జనం పాడాలి. ప్రతి పాదం పాడే ముందు దాని మాటల్ని గబగబా చెప్పేసేవాడు. జనం అందుకునేవారు. మగవాళ్లు ఒక వరస, ఆడవాళ్లు ఇంకో వరస, గొంతు బాగా పైకెళ్లేవాళ్లు మూడో వరస... పది నిమిషాల్లో ఆ గది గదంతా ఒక బృందం. రామభజనలో ముందు పాడేవాడు ఒక్క చరణం అందిస్తే వెనక ఊరంతా వంత పాడుతుంది చూడండి, అలాగే. సొంతంగా ఉన్న మొహమాటాన్ని పోగొట్టడమే అతని అసలు కచేరీ.

పాటలూ ఆ ప్రయాణాల్లోనే పుట్టేవి. జేబులో ఎప్పుడూ ఓ చిన్న నోటుపుస్తకం. 1955లో ఒహాయోలోని ఓబర్లిన్ కాలేజీలో పాడటానికి విమానంలో వెళ్తూ దాన్ని తిరగేస్తున్నాడు. రష్యా రచయిత షోలొఖోవ్ నవలలో కొసాక్కుల జోలపాట ఒకటుంది. అందులోని కొన్ని మాటలు ఎప్పుడో రాసిపెట్టుకున్నాడు. వాటిని చూస్తూ ఆ ప్రయాణంలోనే ఓ పాట కట్టేశాడు. అదే ‘వేర్ హావ్ ఆల్ ద ఫ్లవర్స్ గాన్’. అతను రాసింది మూడు చరణాలే. కొన్నాళ్లు పాడి వదిలేశాడు. 1960లో జో హికర్సన్ అనే యువకుడు పిల్లల శిబిరంలో పాడుతూ మరికొన్ని చరణాలు చేర్చాడు. పాట చివరికొచ్చి మళ్లీ మొదటికి చేరేలా చుట్టు తిరిగింది. అప్పుడు ప్రపంచమంతా పాడింది. పీట్ తన రాబడిలో హికర్సన్‌కూ వాటా రాసిచ్చాడు.

చిన్న గదుల ఫలితం ఆలస్యంగా తెలిసింది. ఆ కాలేజీల్లో, శిబిరాల్లో వంత పాడిన పిల్లలే 1960లలో గిటార్లు పట్టారు. తర్వాతి తరం జానపద గాయని జోన్ బాయెజ్ చిన్నప్పుడు విన్న కచేరీల్లో పీట్‌ది ఒకటి. 1963లో ఓ పెద్ద టీవీ సంస్థ జానపద గీతాల కార్యక్రమం మొదలుపెట్టి పీట్‌ని మాత్రం రానివ్వనన్నప్పుడు, ఆమె మేమూ రామంది. ఆ ఏడాదే పీట్ కుటుంబంతో సహా ప్రపంచ యాత్రకు బయల్దేరాడు. పది నెలలు తిరిగిన ఆ దేశాల్లో భారతదేశమూ ఉంది.

ఇల్లెవరు చూశారు?

ఇంతగా తిరిగినవాడి ఇల్లు ఎలా నడిచింది? ఈ ప్రశ్నకు ఒకటే జవాబు... తోషీ.

1949లో హడ్సన్ నది పక్కన బీకన్ అనే ఊరి దగ్గర కొండవాలులో పదిహేడెకరాలు కొన్నారు. చవగ్గా వచ్చిన నేల. గ్రంథాలయంలో పుస్తకాలు చూసి దుంగలతో ఇల్లు కట్టడం నేర్చుకున్నాడు పీట్. మొదట్లో కరెంటు లేదు, కొళాయి లేదు. చంటిపిల్లల్ని చూసుకుంటూ వాగు నుంచి నీళ్లు మోసింది తోషీ. ఆ ఏడాదే పీక్‌స్కిల్ దగ్గర నల్లజాతి గాయకుడు పాల్ రాబ్సన్ కచేరీ నుంచి తిరిగి వస్తుంటే దారి పొడవునా అల్లరిమూకలు రాళ్లు రువ్వాయి. కారులో పిల్లలు కూడా ఉన్నారు. అద్దాలు పగిలాయి. కార్లో పడిన రాళ్లను పీట్ దాచి, కొత్త ఇంటి పొగగొట్టం గోడలో పెట్టి కట్టాడు.

ఏ ఊళ్లో కచేరీ, ఎంత డబ్బు, ఏ బస్సు, ఎక్కడ బస... లెక్కలన్నీ ఆమెవే. అడిగినవాళ్లందరికీ సరేననేయడం పీట్ అలవాటు. ఆ మాటలన్నిటినీ క్యాలెండర్‌లో ఇరికించే తిప్పలు ఆమెవి. 1965-66లో ఓ చిన్న స్టేషన్ కోసం పీట్ ‘రెయిన్‌బో క్వెస్ట్’ అనే టీవీ కార్యక్రమం చేశాడు. వేరే స్టేషన్లు మొహం చూపనివ్వకపోతే సొంత డబ్బు పెట్టుకుని చేసుకున్నది. దాన్ని వెనకుండి నడిపింది తోషీయే. తెర మీద పేర్లు పడేటప్పుడు తన పేరు పక్కన ఆమె వేయించుకున్న హోదా... వంటమనిషి, గిన్నెలు తోమే మనిషి! నవ్వించడానికే వేసుకుంది. కానీ అందులో అబద్ధమేమీ లేదు.

పాట ఎవరి సొత్తు?

జానపద గాయకుడి వృత్తిలో ఒక చిక్కుముడి ఉంది. పాట ఊరిది. రికార్డు మీద పేరు ఒకరిది. మరి డబ్బెవరిది?

‘వి షల్ ఓవర్‌కమ్’ విషయంలో పీట్, అతని మిత్రులు జాగ్రత్తపడ్డారు. హక్కులు తమ పేర్ల మీద నమోదు చేసి, వచ్చే సొమ్ము దక్షిణాది నల్లజాతి ప్రజల సాంస్కృతిక కార్యక్రమాలకు చేరేలా ఏర్పాటు చేశారు. 2018లో ఆ హక్కులు కూడా తొలగి ఆ పాట అందరిదీ అయింది.

ఇంకో పాట దగ్గర మాత్రం దెబ్బతిన్నాడు. దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా అనే జూలూ గాయకుడు 1939లో రికార్డు చేసిన ‘ఎంబూబే’ పీట్ చేతికొచ్చింది. మాట సరిగా వినబడక ‘విమోవే’ అని రాసుకున్నాడు. వీవర్స్ దాన్ని పాడారు. అదే తర్వాత ఇంకొకరి చేతిలో ‘ద లయన్ స్లీప్స్ టునైట్’ అయింది. 1994లో వచ్చిన ‘లయన్ కింగ్’ సినిమాతో ప్రపంచంలోని పిల్లలందరికీ చేరింది. పీట్ లిండాకు వెయ్యి డాలర్లు పంపించి, ఇకపై వాటా కూడా పంపమని ప్రచురణకర్తలకు చెప్పి, పంపుతున్నారనే అనుకున్నాడు. వెళ్లాల్సినంత వెళ్లలేదు. లిండా 1962లో పేదరికంలోనే కన్నుమూశాడు. కుటుంబానికి 2006లోగానీ పరిష్కారం దొరకలేదు. తను దగ్గరుండి చూసుకోవాల్సిందని పీట్ చివరిదాకా నొచ్చుకున్నాడు.

గొంతు పోయాక...

1967లో ‘స్మదర్స్ బ్రదర్స్’ కార్యక్రమం పదిహేడేళ్ల నిషేధాన్ని ఛేదించి అతణ్ని పెద్ద టీవీలోకి పిలిచింది. వియత్నాం యుద్ధాన్ని దెప్పిపొడిచే పాట పాడితే ప్రసారానికి ముందు కత్తిరించేశారు. జనం గొడవ చేశాక 1968 ఫిబ్రవరిలో అదే పాట మళ్లీ పాడించి చూపించారు.

ఆ తర్వాత అతని దృష్టి ఇంటి ముందున్న నది మీద పడింది. హడ్సన్ అప్పటికి మురికి కాలువలా ఉండేది. జనం నదిని కాపాడాలంటే ముందు దాన్ని ప్రేమించాలి, ప్రేమించాలంటే దాని మీదకు రావాలి అన్నాడు. 106 అడుగుల తెరచాప ఓడ ‘క్లియర్‌వాటర్’ 1969లో నీళ్లలోకి దిగింది. ఓడ ఆగిన రేవులో పాట, నీటి పాఠం. బడిపిల్లలు ఆ ఓడెక్కి నది నీళ్లలో ఏముందో చూసి వెళ్లేవారు.

కాలం మారింది. ఒకప్పుడు శిక్ష వేసిన ప్రభుత్వమే 1994లో జాతీయ కళా పతకం ఇచ్చింది. 2009 జనవరిలో ఒబామా ప్రమాణ స్వీకార వేడుకల్లో లింకన్ స్మారకం మెట్ల మీద లక్షలాది జనంతో పాడించాడు. అప్పటికతనికి ఎనభై తొమ్మిదేళ్లు. గొంతు ఎప్పుడో పోయింది. పోయిందని అతనే చెప్పేవాడు. అయినా కచేరీ ఆగలేదు. ఎప్పట్లాగే మాటలు ముందుగా చెప్పేవాడు, చెయ్యి పైకెత్తేవాడు. పాట జనం పాడేవారు.

ఇరాక్ యుద్ధం రోజుల్లో ఊరి పక్క రోడ్డు మీద ‘శాంతి’ అని రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డ పొడుగాటి ముసలాయన్ని చూసి, అతను సీగర్ అని తెలియకుండానే వెళ్లిపోయిన కార్లు ఎన్నో. 2013 జులైలో తోషీ పోయింది. ఇంకొద్ది రోజులుంటే పెళ్లయి డెబ్భై ఏళ్లు. ఏడు నెలలు తిరక్కుండా 2014 జనవరి 27న పీట్ కూడా వెళ్లిపోయాడు. వయసు తొంభై నాలుగు. చనిపోవడానికి పది రోజుల ముందు కూడా ఇంటి దగ్గర కట్టెలు కొట్టాడని మనవడు చెప్పాడు. 2024లో బాబ్ డిలాన్ జీవితం మీద వచ్చిన ‘ఎ కంప్లీట్ అన్‌నోన్’ సినిమాలో పీట్ పాత్ర చూసి, ఎవరీ మనిషి అని కొత్తతరం మళ్లీ వెతుక్కుంది.

వచ్చే జెండా పండగనాడు బడిలో మళ్లీ ఆ పాట మొదలవుతుంది. ముందు వరసలో టీచరమ్మ చెయ్యి ఊపుతూ అందిస్తుంది. వెనక వరసలో మాటలు రాని పిల్లాడొకడు పక్కవాడి నోరు చూస్తూ గొంతు కలుపుతాడు. రెండో చరణానికి వాడికీ వచ్చేస్తుంది.